పోటీ పిస్టల్ ముక్కలు మూడు

చేవెళ్లలో నేను పనిచేసే ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపులో ఒక పద్ధతి ఉంది. పాత పీసు తేకుండా కొత్త పీసు అడిగితే ఇవ్వం. రైతు వచ్చి "గేరు డబ్బల ఉంటది సూడు, గుండ్రంగ, గది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. విరిగిన ముక్కనే తెమ్మంటాం. తెస్తాడు. దాని నిండా మట్టి, గ్రీజు, తుప్పు ఉంటాయి. ముందు డీజిల్‌లో కడుగుతాం. అప్పటికీ నంబరు కనపడకపోతే తుప్పు వదిలించే ఆసిడ్ డబ్బాలో వేసి మర్నాడు తీస్తాం. ట్రాక్టరు సామాను మీద నంబర్లు లోతుగా కొట్టి ఉంటాయి కాబట్టి తుప్పు పోగానే అవి బయటపడతాయి. కేటలాగు తెరిచి ఆ నంబరు వెతికి, ఏ బండిదో, ఏ ఏడుదో చెప్పేస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. చేతిలోకి ఏ ఇనుప ముక్క వచ్చినా ముందు దాన్ని కడగాలనిపిస్తుంది. ఈ అలవాటుతో నేను ఒక ముసలావిడకు చేసిన నష్టం గురించి రాస్తున్నాను.

నా గురించి కొంచెం చెప్పాలి. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. షాపు కట్టేశాక మా ఊరి శాఖా గ్రంథాలయంలో గంటసేపు కూర్చోవడం నాకు ఇరవై ఏళ్లకు పైగా అలవాటు. తెలుగు పుస్తకాలు అయిపోయాక ఇంగ్లీషు వాటి మీద పడ్డాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, తెలియని మాటలు పొడుగు నోటుబుక్కులో రాసుకుంటూ చదివాను. అలా పదకొండు నోటుబుక్కులు నింపాను. డిగ్రీ చదివిన కుర్రాళ్లు తెలియదన్న సంగతి నేను చెప్పినప్పుడు లోపల ఒక గర్వం కలిగేది. దాన్ని దాచుకోవడం నాకు చేతనయ్యేది కాదు. మా యజమాని నన్ను ప్రొఫెసర్ సాబ్ అని పిలిచేవాడు. అది ఎగతాళి అని తెలిసినా నాకు ఇష్టంగానే ఉండేది.

వానాకాలం చివర్లో ఒక ఉదయం ఆవిడ షాపుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. తెల్ల చీర, భుజానికి బైబిలు సంచి. మొయినాబాద్ పక్కన చిన్న మంగళారం నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. ఒక దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది.

"సదువుకున్నాయన నువ్వేనా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు కౌంటరు వెనక నుంచి మా యజమాని అందుకున్నాడు. "ఆయనే అవ్వా. జర పైలం. ఒక్కటడిగితె పది చెప్తడు."

"పది వద్దు కొడుకా. నాకు ఒక్కటే కావాలె" అంటూ ఆవిడ సంచిలోంచి పాత పౌడరు డబ్బా తీసింది. అందులో చేతిరుమాలు మూట, మూటలో మూడు ఇనుప ముక్కలు. బొటనవేలికి పట్టేంత ఉంగరం ఒకటి. చిన్న స్క్రూలున్న, గాడి పెట్టిన ముక్క ఒకటి. వేలు వంపుతో ఉన్న మీట ఒకటి. అది ట్రిగ్గర్ అని చూడగానే తెలిసింది.

"ఇవి మా బాపుయి. మిల్ట్రీల ఉండె. ఇవి ఏ తుపాకియో, ఆయన చేతికెట్ల వచ్చినయో చెప్పాలె."

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊరి చర్చి ఆవరణలో ఒక షాబాదు బండ నిలబెడుతున్నారట. ఊరి నుంచి సైన్యానికి వెళ్లిన వాళ్ల పేర్లు దాని మీద చెక్కించి, కోత పండుగ నాడు ముసుగు తీస్తారట. వెళ్లింది ఐదుగురు. నలుగురి పేర్లకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఐదో పేరు ఈవిడ తండ్రిది. ఆయన తుపాకి పట్టి పోరాడినవాడు కాదు, ఆయుధాల వర్క్‌షాపులో ఫిట్టరు. గడువు నిండకముందే ఇంటికి వచ్చేశాడు. కంట్లో ఇనుప రజను పడి చూపు తగ్గిందని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. ఊరు మాత్రం, సామాను దొంగిలించి దొరికిపోతే వెళ్లగొట్టారని చెప్పుకుంది. ఆయన పెట్టెలో ఈ ముక్కలు ఎవరో చూశారు. ఊరికి ఆ సాక్ష్యం చాలింది.

"బడిల నన్ను పేరు పెట్టి పిల్వకపోతుండిరి. తుపాకి దొంగ బిడ్డ అంటుండిరి. నాకు పెండ్లయినంక గూడ గదే పేరు."

"మీ బాపు ఏం చెప్పకపోతుండెనా?"

"మిల్ట్రీ ముచ్చట మిల్ట్రీలనే ఉండాలె అనేటోడు. ఇగ తల దించుకొని కూసునేటోడు. తల దించుకున్నడంటే తప్పు జేసిండనే గద అంటరు జనం."

బండ మీద ఐదో పేరు ఉండాలి. ఆమెకు అదొక్కటే కావాలి. చర్చి కమిటీ పెద్ద, దొంగ సొమ్ము కాదని చూపిస్తే చెక్కిస్తానన్నాడట. పండుగకు రెండు నెలలు ఉంది.

ముక్కలను వెలుతురులో తిప్పి చూశాను. పైనంతా గిన్నెల్లా మెరుస్తున్నాయి. మూలల్లో, స్క్రూల సందుల్లో మాత్రం నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంది. ఉంగరం అంచు మీద, గాడి ముక్క అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపించాయి.

"అవ్వా, వీటిని తోముతవా?"

"క్రిస్మస్ క్రిస్మస్‌కు ఇత్తడి సామానుతోటి బయటేసి తోముత. చింతపండు, బూడిద. మా అవ్వ గూడ గట్లనే తోమేది. బాపుయి గద, మంచిగుండాలని."

"గందుకే గీతలు పడ్డయి" అన్నాను. నాకు తెలుసన్న ధీమాతో అన్నాను. భూతద్దం మా కౌంటరు సొరుగులోనే ఉంది. తీయలేదు.

ఆ సాయంత్రం మూడింటినీ డీజిల్‌లో కడిగి ఆసిడ్ డబ్బాలో వేశాను. మర్నాడు తీసి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, సన్నటి ఇనుప పీచుతో రుద్దాను. నల్ల మడ్డి పోయింది. గీతలు కూడా పోయాయి. ముక్కలు కొత్తగా, ఒకే రంగులో, మచ్చ లేకుండా వచ్చాయి. నంబరు ఎక్కడా లేదు. పెద్ద పని చేసినవాడిలా వాటిని మా యజమానికి చూపించాను.

"మస్తు జేసినవ్ సాబ్" అన్నాడు ఆయన.

నంబరు లేని పీసును పోలికతోనే పట్టుకోవాలి. గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉంది. తుపాకుల సంపుటం కోసం బీరువా అడుగు అర వెతుకుతుంటే గ్రంథాలయం మేడం వచ్చి నిలబడింది. ఆవిడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి.

"తుపాకుల పుస్తకమా? మీ ఓనరు జీతం ఆపేశాడా ఏమిటండీ?" అంది.

ఆ సంపుటంలో కావలసిన పేజీలను చెదలు తినేశాయి. తర్వాత నాలుగు సెలవు రోజులు బస్సెక్కి నగరంలోని పెద్ద గ్రంథాలయానికి వెళ్లాను. మొదట, మన సైన్యంలో ఉన్నవన్నీ ఇంగ్లీషువాళ్ల తుపాకులేనని జనం అనే మాట నమ్మి, వాళ్ల రివాల్వర్ల మీద రెండు రోజులు పోగొట్టుకున్నాను. వాటికి గొట్టం మూతి దగ్గర ఇలాంటి ఉంగరం ఉండదని మూడో రోజు అర్థమైంది. నాలుగో రోజు ఒక లావు పుస్తకంలో, అమెరికా సైన్యం వాడిన, యుద్ధకాలంలో మన సైన్యానికీ కొన్ని వచ్చిన పెద్ద గుండు పిస్టల్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి వేసిన బొమ్మ దొరికింది. మా ట్రాక్టరు కేటలాగుల్లో బొమ్మలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో గీతలు లాగి చూపిస్తారు. గొట్టం మూతి దగ్గర నా ఉంగరం కనపడింది. ఆ బల్ల దగ్గర కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను.

కానీ బొమ్మలో వెనక సైటు, అంటే గురి చూసే గాడి, కదలని ముక్క. ఆవిడ తెచ్చినదానికి స్క్రూలున్నాయి. వాటిని తిప్పితే గాడి పక్కకూ పైకీ జరుగుతుంది. ట్రిగ్గర్‌లో కూడా బొమ్మలో లేని చిన్న స్క్రూ ఉంది. ఇంకా చదివితే విషయం తేలింది. సైన్యాలు గురి పోటీలకు పంపే పిస్టళ్లు వేరు. మామూలు పిస్టల్‌నే తీసుకుని, వదులుగా ఉండే భాగాలు తీసేసి, బిగుతైన భాగాలను చేత్తో అరగదీసి అమరుస్తారు. మామూలు ఉంగరం వేలితో తిప్పితే వచ్చేస్తుంది. పోటీ పిస్టల్ ఉంగరానికి పానా కావాలి. షాపుకు వచ్చి మా కొలత పరికరంతో ఉంగరం లోపలి రంధ్రం కొలిచాను. ఒక పక్క వెంట్రుక వాసి ఎక్కువ అరిగి ఉంది. దాని లోపల ఆకురాయి గాట్లు, ఒక మనిషి చేయి ఒక వాటంలో పెట్టినవి, ఆసిడ్‌కు కూడా పోకుండా కనిపించాయి.

ఆవిడకు కబురు చేసి రప్పించి అదంతా చెప్పాను. ఉంగరం ఆమె చేతిలో పెట్టి, "అవ్వా, లోపల వేలు పెట్టి చూడు. గరుకున్నది గద. గది ఆకురాయి. ఇది మిషను జేసింది కాదు. బహుశా మీ బాపు చెయ్యే" అన్నాను. ఆవిడ చూపుడు వేలు లోపలికి దూర్చి, కళ్లు మూసుకుని, చాలాసేపు మెల్లగా తిప్పింది.

"గివ్వి తోమినన్ని దినాలు లోపల వేలు పెట్టలే కొడుకా" అంది.

మేమిద్దరం ఆమె ఊరికి వెళ్లి కమిటీ పెద్దను కలిశాం. ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిపోల్చి చూడటమే ఆయన జన్మంతా చేసిన పని. అరుగు మీద కుర్చీలు వేయించి, నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. ఆయన అడగనివి కూడా చెప్పాను. బొమ్మ నకలు చూపించాను. పోటీ పిస్టల్ భాగాలు ఎంత అరుదో, వాటి మీద ఎంత పని ఉంటుందో వివరించాను. ఆయన అన్నీ విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే తమ్మీ, ఇవి మామూలు సామాను కాదంటవు. మంచి ఖరీదైన సామాను."

"అవును సారూ."

"మరి గసువంటి సామాను ఫిట్టరుకు ఊకెనే ఎందుకిస్తరు?"

ముక్కల విలువ నేను ఎంత పెంచానో దొంగతనం కూడా అంత పెరిగింది. ఆవిడ నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది.

"సారూ, గిదేంది, గట్లంటరు?"

"నేనేమంట లేనమ్మా. ఆయన చెప్పిందే తిప్పి చెప్తున్న. బండ మీద చెక్కినంక చెరపనీకి రాదు. నాకొక్క కాగితం కావాలె. ఫౌజుల గేటు దాటే ప్రతి సామానుకు కాగితం ఉంటది."

నన్ను ఆటో ఎక్కించడానికి ఆవిడ నాతో నడిచింది. చేవెళ్ల రోడ్డు మీదికి వచ్చాక, "కాగితాలన్నీ మా చెల్లె తీస్కపోయింది, బాపు పోయినప్పుడు" అంది. ఆ చెల్లెలు శంకర్‌పల్లి దగ్గర ప్రొద్దుటూరులో కాపురం చేసి, కొన్నేళ్ల కిందట చనిపోయింది.

ఆవిడ మరో మూడు వారాలు కనపడలేదు. మళ్లీ వచ్చినప్పుడు షాపు మెట్లు ఎక్కుతూనే "దొరికింది!" అని కేక వేసింది. చెల్లెలి కొడుకు అటక మీద పెట్టె దింపించాడట. పాత రసీదుల మధ్య, నాలుగు మడతల్లో, టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం ఒకటి దొరికింది. కింద సంతకం, సిరా ముద్ర ఉన్నాయి.

"సదువు కొడుకా. జల్ది సదువు."

చదివాను. ఫలానా నంబరు పోటీ పిస్టల్‌కు కొత్త భాగాలు అమర్చినందువల్ల, దాని నుంచి తీసేసిన అరిగిన భాగాలు మూడు, అంటే మూతి ఉంగరం, వెనక సైటు, ట్రిగ్గర్, పనికిరానివిగా తేల్చామని ఉంది. వాటిని స్వయంగా అమర్చిన ఫిట్టరు చూపు కారణంగా ఉద్యోగం వదిలి వెళుతున్నందున జ్ఞాపకంగా ఇస్తున్నామని, గేటు దగ్గర అడ్డగించవద్దని ఉంది. కింద ఆమె తండ్రి పేరు. పిస్టల్ నంబరు నాలుగంకెలు.

తెలుగులో చెప్పాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి మా యజమాని కోసం చెప్పించింది. ఆయన కౌంటరు దాటి వచ్చి, "అవ్వా, మిఠాయి తెప్పించాలె నువ్వు" అన్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

అదే రోజు కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి, ముద్రను వేలితో తడిమి చూశాడు. కాగితం మంచిదే అన్నాడు. తర్వాత తన అలవాటు ప్రకారం దాన్ని సరిపోల్చడానికి ఇంకొకటి కావాలన్నాడు.

"ఈ నంబరు పిస్టల్ సామాను అని ఉన్నది. మీ దగ్గరున్నయి గవేనా? కాగితం ఒకదానిది, సామాను ఇంకోదానిది, గట్ల గూడ ఉంటయి అమ్మా. ముక్కల మీద ఈ నంబరు చూపెట్టున్రి. రేపే చెక్కిస్త."

"చూపెడ్తం సారూ. వారం దినాలల్ల" అన్నాను. ముక్కల మీద నంబరు లేదని నాకు తెలుసు. అయినా పోటీ పిస్టళ్ల భాగాలకు నంబర్లు వేయరని పుస్తకంలో చూపిస్తే ఆయన ఒప్పుకుంటాడని నా ధైర్యం. పుస్తకం ఎప్పుడూ నా పక్షమే అని నమ్మేవాణ్ణి.

మర్నాడే సెలవు పెట్టి నగరానికి వెళ్లాను. అదే లావు పుస్తకంలో, నేను అంతకు ముందు దాటేసిన పేజీలో ఉంది. చేత్తో అమర్చిన భాగం ఒక పిస్టల్‌కు సరిపోతే ఇంకోదానికి సరిపోదు కాబట్టి, అవి కలిసిపోకుండా ఫిట్టరు ప్రతి భాగం మీద ఆ పిస్టల్ నంబరు వేస్తాడట. ఇనుము మీద గీసే కరెంటు పెన్నుతో, చర్మం మీద గీరినంత పైపైన, బయటికి కనపడని చోట వేస్తాడు. ఉంగరానికైతే అంచు మీద. సైటుకైతే అడుగున.

నేను గీతలు చూసింది ఆ రెండు చోట్లే.

పుస్తకం మూసి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ వాళ్లమ్మ తోమింది, ఆవిడ తోమింది. ఎన్నో క్రిస్మస్‌లు దాటి ఆ అంకెలు నా కౌంటరు దాకా వచ్చాయి. నేను వాటిని ఒక్క రోజులో కడిగేశాను. భూతద్దం కింద పెట్టి ఉంటే చదవగలిగేవాణ్ణి. ఇప్పుడు షాపుకు వచ్చి అదే భూతద్దంతో గంటసేపు వెతికినా, ఏ పక్క నుంచి దీపం పట్టినా, అక్కడ మెరుపు తప్ప ఏమీ లేదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు ఆవిడే వచ్చింది. మా యజమాని షాబాద్‌కు వసూళ్లకు వెళ్లాడు. షాపులో మేమిద్దరమే. స్టూలు లాగి ఆమె ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏ పేజీలో ఏముందో కూడా చెప్పాను.

"అయితే నంబరు ఉండె."

"ఉండె అవ్వా."

"నువ్వు సూసినవు."

"చూసిన. గీతలనుకున్న."

ఆమె చూపు నా వెనక గోడ మీదికి పోయింది. అక్కడ పానాలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతి పానా మీదా మా షాపు పేరు గీకి ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోకుండా.

"గవ్విటి మీద దేనితోటి రాసిన్రు?"

చెప్పాల్సిన పని లేదు. కరెంటు పెన్ను ఆ పానాల కిందే, ప్లగ్గుకు తగిలించి ఉంది.

"నంబరు కాగితం మీద ఉన్నది గద. ఎక్కడుండెనో నీకు ఎరికే. గక్కడనే రాయి."

"అవ్వా, గట్ల చెయ్యరాదు."

"ఎందుకు రాదు? లేనిది రాయమంటున్ననా? ఉన్నదే గద. నువ్వే అంటివి, ఉండె అని."

"ఉండె. గని ఏ నంబరో నేను చదవలే. ఇప్పుడు నేను రాస్తే అది దొంగ రాత అయితది. రేపెవరన్న చూసి..."

"ఎవరు సూస్తరు? నీ అంత సదివినోడు ఈడ ఎవడున్నడు?"

మెత్తగా అన్నా, ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నేను తల అడ్డంగా ఊపాను. సాక్ష్యాన్ని మన చేత్తో తయారుచేస్తే అది సాక్ష్యం కాదని, నిజాన్ని అబద్ధంతో నిలబెట్టకూడదని ఏదేదో చెప్పాను. అవన్నీ నేను చదివినవే. చెబుతుండగానే అవి నా చెవులకు పలచగా వినిపించాయి.

ఆవిడ లేచి నిలబడింది.

"తుడిసేటప్పుడు నన్ను అడగలేదు. రాసేటప్పుడు ధర్మం యాదికొచ్చిందా కొడుకా?"

ముక్కలను రుమాలులో మూటగట్టి, డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను ప్లగ్గు దాకా వెళ్లి పెన్ను చేతిలోకి తీసుకున్నాను. రాయడానికి నా దగ్గర ముక్కలు కూడా లేవు.

కమిటీ పెద్ద దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన జాలిగానే చూశాడు. "నువ్వు చెప్పింది నేను నమ్ముత తమ్మీ. గని నీ మాట ముక్కల మీద నంబరు కాదు గద. కమిటీల ఐదుగురున్నరు, నేనొక్కణ్ణి కాదు" అన్నాడు. బండ చెక్కేవాడు మర్నాడు పని మొదలుపెట్టి నాలుగు పేర్లతో ముగించాడు.

పండుగకు రెండు రోజుల ముందు ఆవిడ ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"రాయనైతే రాయనంటివి. సదువుతవా?"

వాళ్ల చర్చిలో పాటలకూ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాల సమయం అని ఉంటుంది. ఎవరైనా లేచి తమకు జరిగిన మేలు గురించో కష్టం గురించో చెప్పుకోవచ్చు. ఎవరూ ఆపరు. ఆ సమయంలో ఆ కాగితాన్ని అందరి ముందూ చదివి, తెలుగులో చెప్పాలని ఆమె కోరిక. నేను చర్చి మనిషిని కాను. అయినా వెళ్లాను.

కోత పండుగ నాడు లోపలంతా సొరకాయలు, బంతిపూలు, గంపల్లో మొక్కజొన్న కంకులు. ఎవరి పంట వాళ్లు తెచ్చి ముందు పెట్టారు. ఆవిడకు పొలం లేదు. ఒక గుమ్మడికాయ కొని తెచ్చి పెట్టింది. సాక్ష్యాల సమయం రాగానే లేచి, "నా సాక్ష్యం ఈయన సదువుతడు" అని కూర్చుంది.

కాగితం చదివాను. తెలుగులో చెప్పాను. అక్కడ ఆగిపోయి ఉండవచ్చు. కానీ ముక్కల మీద నంబరు ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారని, అడగకముందే నిజం చెప్పడం మర్యాద అనుకున్నాను. వాటిని నేను ఆసిడ్‌లో వేశానని, నంబరు నా చేతుల మీదుగానే పోయిందని చెప్పాను. చాలామంది నన్ను సూటిగా చూశారు. నా మాట వాళ్లకు చేరిందనే అనుకున్నాను. తర్వాత పాట అందుకున్నారు.

బయట బండ ముసుగు తీశారు. చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర చేతులు కడుక్కుంటుంటే, గోడకు అవతలి వైపు ఇద్దరు ఆడవాళ్ల మాటలు వినిపించాయి.

"నంబరు తుడిపిచ్చిన్రంటనే."

"ఎందుకట?"

"నంబరుంటే దొరుకుతరు గద! మిల్ట్రీ సామానాయె. గందుకే ఆసిడ్‌ల ఏపిచ్చింది. వాడే ఒప్పుకునె గద అందరి ముందట. ఎంతిచ్చిందో ఏమో వానికి."

"ఆ తండ్రి బిడ్డ గాదా మల్ల."

నేను నల్లా కట్టేసి తిరిగేసరికి ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. చేతిలో నా కోసం తెచ్చిన విస్తరాకు. విన్నదో లేదో అడగలేదు, ఆ మొహం చూశాక అడగాల్సిన పని లేదు. విస్తరాకు నాకిచ్చి, "తిను. దూరం పోవాలె" అంది. తాను తినలేదు.

ఆ మాట ఊళ్లో పాకింది. పాకుతూ పాకుతూ ఇంట్లో తుపాకి ఉందన్నదాకా పోయింది. అప్పుడు కమిటీ పెద్దే ఆమె ఇంటికి వెళ్లి, ఎవరో ఫిర్యాదు చేసేలోపు ఆ ముక్కలను పోలీస్ స్టేషన్‌లో ఒప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం మంచిదని చెప్పాడు. అది ఆయన మంచికే చెప్పాడు. చట్టం కూడా అదే అంటుందని నేనూ చదివాను.

నెల తర్వాత నేను పని మీద మొయినాబాద్ వెళ్తే ఆవిడ బస్‌స్టాపులో కనిపించింది. పౌడరు డబ్బా ఆమె చేతిలో మూత లేకుండా, ఖాళీగా ఉంది. అప్పుడే ఇచ్చి వస్తోందట.

"ఏం రాసిచ్చిన్రవ్వా?" అని అడిగాను.

సంచిలోంచి రసీదు తీసింది. నాకివ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని తానే చదివింది.

"గుర్తులు లేని పాత ఇనుప ముక్కలు, మూడు."

"గంతేనా?"

"గంతే. కాగితం గూడ చూపెట్టిన. ఠాణాల ఆయన సదివిండు, మంచోడే. ముక్కలు అటు తిప్పి ఇటు తిప్పి సూసిండు. ఉన్నది రాయాలె గద అవ్వా అన్నడు."

రసీదును మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె అప్పటికే రోడ్డు వైపు తిరిగి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని బస్సు కోసం చూస్తోంది. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. ఆమె ఎక్కి ముందు సీటులో కూర్చుంది. నా వైపు ఉన్న కిటికీ తెరిచే ఉంది, ఆమె ఇటు చూడలేదు.